చెయ్యి తిరగడమంటే...

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



ఈవేళ మీతో వంట గురించీ, ఆరోగ్యం గురించీ కాకుండా బొమ్మల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. బొమ్మలంటే కొలువులో పెట్టే బొమ్మలు కావు. సెల్‌ఫోనులోనూ కంప్యూటరులోనూ మన పిల్లలు చదివే బొమ్మల కథలు. వీటిని వెబ్ కామిక్స్ అంటున్నారు. "మాకెందుకమ్మా ఆ గొడవ?" అని రేడియో కట్టేయకండి. మొన్న వేసంగిలో మా ఇంట్లో అది నిజంగానే గొడవయింది గనకనే ఈ నాలుగు ముక్కలూ రాసుకొచ్చాను.

మా రెండో అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచీ నోటుపుస్తకాల వెనక పేజీలన్నీ బొమ్మలే. ఏడాదిన్నర క్రితం మావారు చదువుకు పనికొస్తుందని ట్యాబు కొనిపెడితే, దాని మీద ఒక కథ మొదలుపెట్టింది. ఒక అపార్టుమెంటు, అందులో వాచ్‌మన్ కూతురు, మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక బామ్మగారు, వాళ్ళిద్దరి స్నేహం. పరీక్షలప్పుడు తప్ప ప్రతి శుక్రవారం ఒక పేజీ వేస్తుంది. నలభై పేజీల దాకా వచ్చాక ఒక పెళ్ళికి వెళ్ళాం. అక్కడ మా బంధువుల పిల్లలు ఫోనులో మొదటి పేజీలు తీసి, పదిమందిలో చదివి, పడీపడీ నవ్వారు. "ఈ బామ్మకు మెడేదే? తలకాయ భుజాల మీద అతికించావా?" అని ఒకడు. ఇది అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, పెళ్ళిచీర కూడా మార్చుకోకుండా, మొదటి ఇరవై పేజీలూ చెరిపేస్తానని కూచుంది.

నేను వద్దన్నాను. "ఎందుకొద్దు?" అంది. నా దగ్గర జవాబు లేదు. తల్లి ప్రేమ జవాబు కాదు కదా! అంచేత, "ఇలాంటి కథలు వేసి పేరు తెచ్చుకున్నవాళ్ళు తమ మొదటి పేజీల్ని ఏం చేశారో కనుక్కుని చెబుతాను, ఒక్క వారం ఆగు" అన్నాను. వారం అన్నది మూడు నెలలయింది. పదో తరగతితో ఆగిన చదువు నాది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవాలి. అయినా బొమ్మలకు భాషేమిటి? మధ్యాహ్నం పని తెమిలాక ఫోను పట్టుకు కూచునేదాన్ని.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. మనం వారపత్రికల్లో బాపుగారి బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్ళం. పత్రికలో బొమ్మ అచ్చవాలంటే దాన్ని ఎడిటరుగారు చూడాలి. నచ్చకపోతే తిప్పి పంపుతారు. అంటే మన కంటబడేవన్నీ చెయ్యి తిరిగిన తరువాతి బొమ్మలే. తిరగని రోజుల బొమ్మలు ఎవరి ట్రంకుపెట్టెలో ఉన్నాయో మనకేం తెలుస్తుంది? వెబ్ కామిక్‌కు అలా కాదు. వేసినవాళ్ళే ఎడిటర్లు, వాళ్ళే ప్రచురణకర్తలు. మొదటి రోజు గీసిన వంకర బొమ్మ కూడా వీధిలోకి వచ్చేస్తుంది. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు సాగిన కథలైతే మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా వరసగా చూడవచ్చు. ఒక మనిషి చెయ్యి ఏడాదికేడాది ఎలా తిరిగిందో ఇంత తేటగా ఇదివరలో సామాన్యులకు కనిపించేది కాదు.

అమెరికాలో హోవార్డ్ టేలర్ అని ఒకాయన ఉన్నారు. కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం చేసుకునేవారు. ఆయన చదువు సంగీతంలో. బొమ్మల్లో శిక్షణ లేదు. అలాంటి మనిషి 2000 జూన్ 12న 'ష్లాక్ మెర్సెనరీ' అని అంతరిక్షంలో తిరిగే కిరాయి సిపాయిల హాస్యకథ మొదలుపెట్టారు. రోజుకొక బొమ్మ. 2020 జూలై 24న కథ ముగించేదాకా, ఇరవై ఏళ్ళకు పైగా, ఒక్క రోజైనా మానలేదు. అక్షరాలా ఏడువేల పైచిలుకు రోజులు! మొదటి వారం బొమ్మలు చూస్తే, పెద్దాయన ఏమీ అనుకోనంటే, మా అమ్మాయి నయం. గీతలు వణుకుతాయి, మొహాలు ఒక్కో గడిలో ఒక్కోలా ఉంటాయి. ఒక నాలుగేళ్ళు ముందుకు వెళ్ళి చూడండి, గీత నిలబడింది. ఇంకో నాలుగేళ్ళు వెళితే ఓడలూ, వెలుతురూ, నీడలూ అన్నీ వచ్చాయి. ఫలానా రోజున వచ్చిందని చెప్పలేం. పెరుగు ఎప్పుడు తోడుకుందంటే ఏం చెబుతాం?

ఆయన 2004లో ఉద్యోగం మానేసి దీని మీదే బతికారు. 2006లో మొదటిసారి పుస్తకం అచ్చు వేసినప్పుడు మాత్రం మొట్టమొదటి కథ వేయలేదు, తరువాత వచ్చిన కథ వేశారు. మొట్టమొదటి బొమ్మల పుస్తకం 2007లో గానీ రాలేదు. ఎందుకో నేను చెప్పనక్కరలేదనుకుంటాను! కొత్తవాళ్ళకు పుస్తకం చేతికిచ్చేటప్పుడు బాగున్నది ముందు ఇచ్చారు. కానీ మొదటివి చెరపలేదు, దాచలేదు. చదవదలచినవాళ్ళకు అవి ఎప్పుడూ అందుబాటులోనే ఉన్నాయి. ఈ సంగతి మా అమ్మాయితో చెబితే, "అంటే ఆయనకూ సిగ్గేసిందన్నమాట" అంది. సిగ్గు వేయడం వేరు, చెరపడం వేరు అన్నాను. అప్పటికి ఒప్పుకోలేదనుకోండి.

రోజూ చేస్తే చెయ్యి అదే తిరుగుతుందా అంటే, నాకు నమ్మకం లేదు. నేను పాతికేళ్ళుగా మా గుమ్మం ముందు ముగ్గు వేస్తున్నాను. పదమూడు చుక్కల పద్మం. కాపరానికొచ్చిన కొత్తలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. త్వరగా వేస్తానేమో గానీ బాగా వేస్తానని చెప్పలేను. ఎందుకంటే వేసేటప్పుడు నా ధ్యాస పాలపాకెట్టు మీద ఉంటుంది, ముగ్గు మీద ఉండదు. వెబ్ కామిక్ వేసేవాళ్ళలో కూడా అలా ఏళ్ళ తరబడి ఒకేచోట నిలిచిపోయినవాళ్ళు ఉంటారు. ముందుకు వెళ్ళినవాళ్ళు ఏం చేశారా అని చూస్తే, ఒక్కో కాలంలో ఒక్కో లోపాన్ని పట్టుకున్నట్టు కనబడుతుంది.

ఆ లోపాలు కూడా దాదాపు అందరివీ ఒకటే. చెబితే నవ్వుతారు. మొదటిది, చేతులు. చేతివేళ్ళు గీయడం కష్టం గనక మనుషులందరూ చేతులు వెనక్కి కట్టుకునో జేబుల్లో పెట్టుకునో నిలబడతారు. రెండోది, అందరికీ ఒకటే మొహం. జుట్టు మారిస్తే కూతురు, కళ్ళజోడు పెడితే తల్లి. మూడోది, అందరూ ఒకే పక్కకు చూస్తారు. కుడిచేతివాటం వాళ్ళకు ఎడమ పక్కకు తిరిగిన మొహం సులువుగా వస్తుంది. ఇహ వెనక గోడ, కిటికీ, కుర్చీ ఏమీ ఉండవు. మనుషులు ఆకాశంలో నిలబడి మాట్లాడుకుంటున్నట్టుంటుంది. జెఫ్ జాక్స్ అనే ఆయన 2003 ఆగస్టులో మొదలుపెట్టిన 'క్వశ్చనబుల్ కంటెంట్' మొదటి బొమ్మలు ఇలాగే ఉంటాయి. కాఫీ హోటలు చుట్టూ తిరిగే యువకుల కథ అది. మొదట్లో మనుషులు కొయ్యబొమ్మల్లా బిగుసుకుని నిలబడతారు. 2023 నాటికి ఆ కథ ఐదు వేల భాగాలు దాటింది. మధ్యలో ఎక్కడ తెరిచినా ముందటేడు బొమ్మలకూ ఆ ఏడు బొమ్మలకూ తేడా కనిపిస్తుంది. లావువాళ్ళు లావుగా, పొడుగువాళ్ళు పొడుగ్గా, ఎవరి కూచునే తీరు వాళ్ళదిగా తయారయ్యారు. మనుషులు మారలేదు, ఆయన చూపు మారింది.

ఈ లోపాలు పట్టుకోవడానికి వాళ్ళు చేసే సాధనలు నాకు బాగా నచ్చాయి. ఒకటి, అరనిమిషం బొమ్మ. ఎదురుగా ఉన్న మనిషిని ముప్పై సెకండ్లలో, మహా అయితే రెండు నిమిషాల్లో గీసేయాలి. కళ్ళూ ముక్కూ అక్కర్లేదు. వంగాడా, బరువు ఏ కాలి మీద ఉంది, నడుము ఎటు తిరిగింది, అంతే. మా అమ్మాయి ఇప్పుడు రైతుబజారుకు నాతో వస్తోంది, మునుపు పిలిచినా వచ్చేది కాదు. నేను బెండకాయలు ఏరుతుంటే అది ఒక పక్కన నిలబడి తట్టలెత్తేవాళ్ళను గీస్తుంది. రెండోది, బొమ్మను అద్దంలో చూడటం. కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పటిదాకా బాగుందనుకున్న మొహం, ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందకీ ఉన్నట్టు తేలిపోతుంది. చూసిచూసి అలవాటు పడ్డ కంటికి తప్పు కనపడదు, తిప్పితే కనపడుతుంది. మన జాకెట్టు తిరగేసి కుట్టు చూడమూ, అలాగే.

మూడోది, అసలు పేజీ వేసేముందు తపాలా బిళ్ళంత సైజులో నాలుగైదు రకాలుగా గీసి చూసుకోవడం. ఏ గడి పెద్దది, ఏది చిన్నది, మనిషి దగ్గరగా కనపడాలా దూరంగానా అన్నది అక్కడే తేల్చుకుంటారు. కుట్టుపని నేర్చుకున్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు పాత న్యూసుపేపరు మీద కటింగు చేసుకుంటాం కదా! పేపరు పాడైతే బాధ లేదు.

ఇహ అక్షరాల సంగతి. నాకిది కొత్త విషయం. కొత్తగా వేసేవాళ్ళు బొమ్మంతా నింపేసి, ఆ తరువాత మాటల బుడగ ఎక్కడ ఇరికించాలా అని వెతుకుతారు. అప్పుడు బుడగ ఎవరి తల మీదో, చేతి మీదో పడుతుంది. పాతబడ్డవాళ్ళు ముందు మాటలకు చోటు వదిలి, తరువాత మనిషిని నిలబెడతారు. ముందు మాట్లాడిన మనిషి బుడగ ఎడమ పక్కన, పైన ఉండాలి. లేకపోతే జవాబు ముందూ, ప్రశ్న తరువాతా చదువుతాం. మా అమ్మాయికి వచ్చిన చిక్కు మరొకటి. ఆ పాఠాలన్నీ ఇంగ్లీషువాళ్ళు చెప్పినవి. వాళ్ళ మాటలు పొట్టివి, అక్షరాలు ఒకే ఎత్తు. మన తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు. పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకకుండా ఉండాలంటే వరసల మధ్య చోటు ఎక్కువ కావాలి. పైగా "మాట్లాడుకుంటున్నారు" అన్న ఒక్క మాటకే వాళ్ళ బుడగ నిండిపోతుంది! మధ్యలో విరిస్తే చదవడానికి గొంతులో పడ్డట్టుంటుంది. అంచేత ఇది బుడగల్ని వెడల్పు చేసి, బామ్మగారి చేత తక్కువ మాట్లాడించడం మొదలుపెట్టింది. "తక్కువ మాట్లాడే బామ్మగారు ఎక్కడుంటారే?" అన్నారు మావారు. కానీ బాగుంది. బామ్మగారు మాట్లాడకుండా కిటికీలోంచి చూసిన పేజీ ఇప్పటిదాకా వేసినవాటిలో నాకిష్టం.

కొరియావాళ్ళ పద్ధతి వేరుగా ఉంది. అక్కడ 2003లో కాంగ్ ఫుల్ అనే ఆయన ఒక ప్రేమకథను పేజీలుగా కాకుండా పొడుగాటి కాగితపు చుట్టలా, పైనుంచి కిందికి జరుపుకుంటూ చదివేలా వేశారు. ఆ పద్ధతి అక్కడ స్థిరపడిపోయింది. ఇప్పుడు మన పిల్లలు ఫోనులో బొటనవేలితో జరుపుతూ చదివేవి చాలావరకూ ఆ బాణీవే. ఇందులో కిటుకు గడులలో లేదు, గడుల మధ్య ఖాళీలో ఉంది. ఇద్దరు వెంటవెంటనే మాట్లాడుకుంటే గడులు దగ్గరగా పెడతారు. ఎవరైనా తలుపు తీయబోతుంటే కింద తెల్లగానో నల్లగానో ఖాళీ వదులుతారు. వేలు జరుగుతూ ఉంటుంది, ఏమీ రాదు, ఇంకా ఏమీ రాదు, అప్పుడు వస్తుంది. రేడియోలో మేము వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగుతామే, అదన్నమాట. ఎంత ఆగాలన్నది వేయగా వేయగా గానీ తెలియదట.

ఈ కాంగ్ ఫుల్ గారు బొమ్మల చదువు చదివినవారు కారు. బొమ్మల అందం కోసం ఆయన్ని చదివేవాళ్ళు తక్కువ. కథ కోసం చదువుతారు, ఆయన కథలు సినిమాలయ్యాయి. జపానులో 'వన్' అని కలంపేరు పెట్టుకున్నాయన 2009లో 'వన్ పంచ్ మ్యాన్' మొదలుపెట్టినప్పుడు ఆ బొమ్మలు చూసినవాళ్ళు చిన్నపిల్లలు గీశారనుకుంటారు. అయినా ఆ కథ కోసం జనం ఎగబడ్డారు. చివరికి యూసుకే మురాటా అనే చెయ్యి తిరిగిన చిత్రకారుడు ముందుకొచ్చి, 2012 నుంచి అదే కథను తన బొమ్మలతో కొత్తగా వేయసాగారు. కెనడాలో ర్యాన్ నార్త్ ఇంకా గడుసు. 2003 నుంచి ఆయన 'డైనోసార్ కామిక్స్'లో రాక్షసిబల్లుల బొమ్మలు అవే ఆరు గడులు, ప్రతిసారీ మాటలే మారతాయి! కాబట్టి చెయ్యి తిరగడమంటే గీత ఒక్కటే తిరగడం కాదు. సంభాషణ తిరగాలి, ఎక్కడ ఆపాలో తెలియాలి, నవ్వు ఏ గడిలో పెట్టాలో తెలియాలి. మా అమ్మాయి మొదటి పేజీల్లో బామ్మగారికి మెడ లేకపోవడమొకటే నాకు కనిపించింది. ఇవన్నీ చూశాక, కథ మొదటి పేజీలోనే బాగా ఎత్తుకుందని కూడా కనిపించింది. ఆ మాట దానితో చెప్పాను. తల్లిగా కాదు, పాఠకురాలిగా.

మిన్నా సుండ్‌బర్గ్ అనే అమ్మాయి సంగతి వింటే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. స్వీడన్, ఫిన్లండ్ రెండు దేశాలకూ చెందిన పిల్ల. ఆమె ఒక పెద్ద కథ వేద్దామనుకుంది. కానీ ముందు చెయ్యి సాపు చేసుకోవాలని, సాధన కోసమే అని చెప్పి 2011లో 'ఎ రెడ్‌టెయిల్స్ డ్రీమ్' అనే మరో కథ మొదలుపెట్టింది. ఆ సాధన ఎంతనుకున్నారు? ఐదు వందల పేజీలకు పైమాటే! 2013లో దాన్ని ముగించి, అప్పుడు అసలు కథ 'స్టాండ్ స్టిల్, స్టే సైలెంట్' ఎత్తుకుంది. దానికి 2015లో అమెరికా కార్టూనిస్టుల సంఘంవారి బహుమతి వచ్చింది. ఇందులో నాకు నచ్చింది, సాధన కథను కూడా మధ్యలో వదలకుండా ముగించడం. మొదలుపెట్టడం నేర్పే పాఠం వేరు, ముగించడం నేర్పే పాఠం వేరు. సగంలో ఆపి మళ్ళీ మొదటినుంచీ వేసేవాళ్ళకు ఎప్పుడూ మొదలుపెట్టడమే వస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా తొందరపెట్టే సాధన ఒకటుంది. 1990లో స్కాట్ మెక్లౌడ్ అనే అమెరికా చిత్రకారుడు, స్టీవ్ బిస్సెట్ అనే స్నేహితుడు మరీ నెమ్మదిగా గీస్తున్నాడని, ఇరవై నాలుగు గంటల్లో ఇరవై నాలుగు పేజీల కథ వేయాలని పందెం పెట్టుకున్నారు. ముందుగా ఏమీ అనుకోకూడదు, ఏకబిగిన వేయాలి. ఇద్దరూ వేశారు. 2004 నుంచి ఆ పేరుతో ఒక దినమే పెట్టుకుని నలుగురూ ఒకచోట కూచుని వేస్తున్నారు. బాగా రావాలన్న బెంగ పెట్టుకునే వ్యవధి ఉండదు, అదే దాని ఉపయోగం. మా అమ్మాయి కూడా చేస్తానంది. ఇంటర్ పరీక్షలప్పుడు నిద్రమానేసి జ్వరం తెచ్చుకున్న పిల్లని నేను ఒప్పుకోలేదు. ఎనిమిది గంటల్లో ఎనిమిది పేజీలకు బేరం కుదిరింది. వాటిలో మూడు బాగున్నాయి.

ఇప్పుడు కేట్ బీటన్ గారి గురించి చెప్పాలి. ఈ మూడు నెలల్లో నేను అందరికంటె ఎక్కువసేపు ఆమె దగ్గరే ఆగిపోయాను. కెనడా తూర్పు కొసన కేప్ బ్రెటన్ అనే దీవిలో పుట్టిన అమ్మాయి. చరిత్ర చదివింది. చదువు అయ్యేసరికి అప్పు మిగిలింది. ఆ అప్పు తీర్చడానికి 2005లో దేశానికి అటు కొసన ఉన్న ఆల్బర్టాలో, ఇసుకలోంచి చమురు తీసే గనుల్లో పనికి వెళ్ళింది. మధ్యలో కొంతకాలం మరోచోట ఉన్నా, 2008 దాకా అక్కడే. వందలమంది మగవాళ్ళ మధ్య ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో, ఎలాంటి చూపులు, ఎలాంటి మాటలు పడాలో, అంతకంటె ఘోరాలు కూడా ఆమె తరువాత దాచకుండా చెప్పింది.

ఆ రోజుల్లోనే, 2007లో, చరిత్రలో వచ్చే రాజులూ రచయితలూ మామూలు మనుషుల్లా దెప్పుకుంటూ మాట్లాడే చిన్నచిన్న హాస్యబొమ్మలు వేసి వెబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. పేరు 'హార్క్! ఎ వేగ్రంట్'. కలంతో గబగబా గీసినట్టుండే గీతలు. వెనక గోడ లేదు, రంగు లేదు. కానీ ఒక్క కనుబొమ్మ పైకెత్తితే చాలు, ఆ మనిషి ఏమనుకుంటున్నాడో తెలిసిపోతుంది. ఆ మాటల్లో ఎక్కడో ఒక బొద్దు గుర్రప్పిల్లను వేస్తే అందరికీ తెగ నచ్చి, అది 2015లో చిన్నపిల్లల పుస్తకమే అయింది. అందరూ ఆమెను నవ్వించే మనిషిగానే ఎరుగుదురు.

గనుల సంగతి మాత్రం లోపలే ఉంది. 2008లో అక్కడ విషపు నీటి చెరువు మీద వాలి పదహారు వందల బాతులు చచ్చిపోయాయి. ప్రపంచమంతా బాతుల గురించి మాట్లాడింది. ఆమె 2014లో 'డక్స్', అంటే బాతులు, అని ఐదు చిన్న భాగాలు వేసి పెట్టింది. పెన్సిలుతో గీసినట్టు, ముసాయిదాలా ఉంటుంది. బాతుల గురించి అడిగినవాళ్ళు అక్కడి మనుషుల గురించి అడిగారా అన్నది అందులో మెల్లగా తెలుస్తుంది. ఆ తరువాత ఎనిమిదేళ్ళు పట్టింది. 2022లో అదే పేరుతో నాలుగు వందల పైచిలుకు పేజీల పుస్తకం వచ్చింది. మనుషుల మొహాలు ఆమెవే, ఆ కనుబొమ్మలవే. కానీ ఇప్పుడు వాళ్ళ వెనక ఇల్లంత ఎత్తు చక్రాల లారీలు, మంచు, రాత్రి ఆకాశం, ఆ పెద్దవాటి మధ్య చిన్నచుక్కలా ఆమె. 2007లో ఆమె చేతికి ఆ లారీ లొంగేది కాదు. లారీ లేకపోతే ఆ ఒంటరితనం కనిపించేది కాదు. 2023లో ఆ పుస్తకానికి ఐస్నర్ బహుమతులు వచ్చాయి.

నవ్వించడం నేర్చుకున్న పదేళ్ళూ ఆమె ఈ పుస్తకానికే తయారవుతూ వచ్చిందేమో అని నాకనిపిస్తుంది. ఆమెకే తెలియకుండా కాబోలు. ఒక బాధను చెప్పాలంటే బాధ ఉంటే చాలదు, చెయ్యి కూడా ఉండాలి. మనలో ఎంతమందికి చెప్పుకోవలసినవి లేవు? చెప్పే సాధనం చేతిలో లేక కదూ!

మన దేశంలోనూ ఉన్నారు. నాగపూరు ఆయన రోహన్ చక్రవర్తి దంతవైద్యం చదివి, 2010లో 'గ్రీన్ హ్యూమర్' పేరుతో పక్షులూ జంతువుల కార్టూన్లు మొదలుపెట్టారు. బొమ్మల కాలేజీకి వెళ్ళలేదు, సొంతంగా నేర్చుకున్నారు. నవ్వించినా, ఏ పిట్ట ముక్కు ఆ పిట్టకే ఉంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పకుండా ఉండలేను. కొరియా పద్ధతిలో వారానికి అరవై డెబ్బై గడులు, అవీ రంగులతో వేయాలి. అక్కడి చిత్రకారుల ఆరోగ్యం ఎంత దెబ్బతింటోందో వాళ్ళ పత్రికల్లోనే చర్చలు జరిగాయి. మణికట్టు నొప్పి, మెడనొప్పి, కళ్ళమంట, నిద్రలేమి. రోజూ వేసిన టేలర్ గారు కూడా ఏ రోజు బొమ్మ ఆ రోజు వేసేవారు కారు. రోజుల తరబడి సరిపడే బొమ్మలు ముందే వేసి నిల్వ ఉంచుకునేవారు. వేసవిలో మనం వడియాలు పెట్టి డబ్బాకెత్తుకోవడం లాంటిదే. మా అమ్మాయి ఇప్పుడు మూడు పేజీలు ముందుంటోంది. గంటకొకసారి లేచి వేళ్ళు విదిలించుకోవాలన్న షరతు నాది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను రేడియోలో చదివిన మొదటి ప్రసంగం ఆవకాయ నిల్వ గురించి. పది నిమిషాలకు రాసుకున్నది ఆరు నిమిషాల్లో చదివేశాను. కాగితాలు తిప్పిన చప్పుడు వానపడ్డట్టు వినబడుతుంది. ఆ రికార్డు మా ఇంట్లో ఉంది. నేనెప్పుడూ వినలేదు, ఎవరినీ విననివ్వలేదు. అమ్మాయికి ఇన్ని కబుర్లు చెప్పాక ఒక రాత్రి అది నన్నే అడిగింది, "మరి నీ ఆవకాయ పెట్టమ్మా, విందాం" అని. ఏం చెయ్యను? పెట్టాను. నలుగురం కూచుని విన్నాం. వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మధ్యలో ఒకచోట, మా అమ్మ జాడీకి వాసెన కట్టే తీరు చెప్పినప్పుడు, గొంతు ఉన్నట్టుండి నెమ్మదించింది. ఆ రెండు వాక్యాలూ బాగున్నాయి. ఇన్నేళ్ళుగా అవి అందులో ఉన్నాయని నాకే తెలియదు.

మొదటి ఇరవై పేజీలూ అలాగే ఉన్నాయి. మొదటి పేజీని మాత్రం మళ్ళీ కొత్తగా వేసి, పాతదాని పక్కనే పెట్టింది, రెండింటికీ తేదీలు వేసి. నిన్న శుక్రవారం అరవై ఒకటో పేజీ వచ్చింది. అందులో బామ్మగారు మెట్లు దిగుతూ దిగుతూ, పైనుంచి పిల్ల పిలిస్తే ఆగి, వెనక్కి తిరిగి చూస్తారు. మెడ ఉంటే గానీ అలా తిరగలేరు మరి!

సెలవు.